విత్తనం ఇచ్చారు సరే, గొర్రు ఎవురు తోలాల? (అనంతపురం కరువు సాయం, ఒక కేస్ స్టడీ)

ఇది 2019 నాటి కేసు. రాయడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందంటే ఇందులో సాయం చేయడానికి పోయిన మా సంస్థ వాళ్లం చేసిన తప్పులే ఎక్కువ, అప్పట్లో వాటిని రిపోర్టులో "ఎదురైన సవాళ్లు" అని ఒక పేరా కింద తోసేసి పంపించేశాం. ఈమధ్య కొత్తగా చేరిన వాళ్లకు ట్రైనింగ్ చెప్తుంటే ఒకమ్మాయి "కరువు సాయం అంటే ఫస్ట్ విత్తనాలే కదా సార్" అంది. నేనూ అప్పుడు అట్లే అనుకున్నాను కాబట్టి ఏం తిట్టలేదు, ఇది రాస్తున్నా. ఊరి పేరు, మండలం, మనుషుల పేర్లు పెట్టట్లేదు, గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు అటూ ఇటూ మార్చాను.

ఊరు, అంతకుముందు ఏడాది

అనంతపురం జిల్లా పడమటి పక్క, కర్ణాటక బార్డర్‌కి దగ్గరగా 140 గడపల ఊరు. జిల్లా అప్పటికింకా రెండు ముక్కలు కాలేదు. ఎర్రనేల, గరుసు, చాలా చేన్లలో మూరెడు తవ్వితే రాయి తగుల్తుంది. జిల్లాకు ఏడాది మొత్తం వాన 550 మిల్లీమీటర్ల దగ్గర, అదీ సగటు, సగటు పడే ఏడాది ఎప్పుడో గానీ రాదు. నైరుతి మేఘం పడమటి కనుమల్లోనే దించేసుకుని వస్తుంది, ఈశాన్యం కోస్తాలో కురిసి వస్తుంది, రెండు పెళ్లిళ్లలోనూ మనం ఆఖరి పంక్తే. బోర్లు ఉన్నవాళ్లు పదిహేను ఇరవై ఇళ్లు, మిగతా అంతా వానమీద వేరుశనగ, అందులో సాళ్లు సాళ్లుగా కంది.

2018 ఖరీఫ్‌లో విత్తడానికి పదును (నేలలో సరిపడా తేమ) బాగానే దొరికింది, మొలక కూడా బాగుంది, తీరా ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే టైముకి వాన మొహం చాటేసింది. ఊడ నేలలోకి దిగాలంటే పైమట్టి మెత్తగా ఉండాలి, ఎండకు పెచ్చు కట్టిన నేలలో ఊడ దిగదు, దిగినా కాయ ఊరదు. చాలామంది పీకను కూడా లేదు, గొర్రెలకు వదిలేశారు. ప్రభుత్వం కరువు మండలాలు ప్రకటించింది. ఇన్‌పుట్ సబ్సిడీ, అంటే పంట పోయిన రైతుకిచ్చే సాయం, అప్పట్లో కేంద్రం లెక్క ప్రకారం వర్షాధారానికి హెక్టారుకు 6,800 రూపాయలు, 33 శాతం పైన నష్టముంటే, ఎకరాకు చూసుకుంటే 2,750 పడుతుంది, అదీ భూమి పాస్‌బుక్ ఎవరి పేరునుంటే వాళ్ల ఖాతాలోకి. ఈ ఆఖరి ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మాకు చెప్పిన సమస్య

2019 ఏప్రిల్లో మాకు ఒక దాత దగ్గర్నుంచి ఎమర్జెన్సీ గ్రాంట్ వచ్చింది, ఆగస్టు చివరికల్లా ఖర్చు చూపించాలి. ఊర్లో రచ్చకట్ట దగ్గర మీటింగ్ పెట్టాం. "ఏం కావాల?" అని అడిగాం. "విత్తనం లేదు సార్" అన్నారు. అందరూ అదే మాట. మేం రాసుకున్నాం, ఫొటోలు తీసుకున్నాం, వచ్చేశాం.

ఇప్పుడు ఆలోచిస్తే మా జీపు మీద ఉన్న బొమ్మే మొలక బొమ్మ. అంతకుముందు పక్క ఊర్లో మేం విత్తనమే పంచామని వాళ్లకు తెలుసు. ఆస్పత్రి వాళ్లు వస్తే జ్వరం చెప్తారు, విత్తనాల వాళ్లు వస్తే విత్తనం చెప్తారు, అబద్ధం చెప్పినట్టు కాదు, ఈయన దగ్గర ఏముందో అదే అడుగుదాం అనే మర్యాద అది. మాకది అప్పుడు తట్టలేదు. ఇంకోటి, విత్తనం లేదు అనే మాటకు రెండు అర్థాలున్నాయి: ఊర్లో గానీ సంతలో గానీ విత్తనమే దొరకట్లేదు అనేది ఒకటి, విత్తనం ఉంది, కొనడానికి నా దగ్గర డబ్బు లేదు అనేది ఇంకోటి. ఎమర్జెన్సీలో విత్తనం గురించి ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) వాళ్లు అడగమనే ప్రశ్నలు కూడా ఇవే, దొరుకుతోందా, అందుతోందా, మంచిదేనా అని. అది మేం ట్రైనింగ్‌లో స్లైడ్ మీద చూసినవాళ్లమే. రచ్చకట్ట దగ్గర అడగలేదు.

మొదటి ప్రయత్నం

ప్లాన్ సింపుల్. 80 కుటుంబాలకు ఇంటికి ఒక ఎకరా, ఎకరాకు 30 కిలోల కాయల బస్తాలు మూడు. రకం కదిరి 6, ఎందుకంటే వాళ్లకు అలవాటైందదే, కరువు ఏడాదిలో కొత్త రకం చేతిలో పెట్టి ప్రయోగం చేయించడం న్యాయం కాదనుకున్నాం. ఆ నిర్ణయం మాత్రం ఇప్పటికీ కరెక్టే అంటాను.

లిస్టు దగ్గర తప్పు చేశాం. టైము తక్కువుందని పాస్‌బుక్ జిరాక్స్ ఇచ్చిన వాళ్లందర్నీ రాసుకున్నాం. ఆడిటర్‌కి కాగితం కావాలి, మాకు ఆడిటర్ భయం ఉంది. మొదటి లోడు 120 బస్తాలు జూన్ మొదటివారంలో 40 కుటుంబాలకు ఇచ్చాం. దండలు, ఫొటోలు, అన్నీ అయినాయి.

జూన్ నెలాఖరుకి ఫాలో అప్‌కి పోతే, ఆ 40 ఇళ్లలో మూడు బస్తాలూ అట్లే మూటకట్టి వాన కోసం చూస్తున్నవాళ్లు 17 మంది. అమ్మేసినవాళ్లు 12 మంది. కొంత వొలుచుకుని తిని కొంత అమ్మినవాళ్లు 6. మిగతా ఐదుగురు ఊర్లోనే ఉండరు, పట్నంలో ఉంటారు, చేను కోరుకు (పంటలో వాటాకు) ఇచ్చేశారు, బస్తాలు మాత్రం వచ్చి కారులో వేసుకుని పోయినారు. ఆ వారమే నేను వేరే పని మీద కళ్యాణదుర్గంలో ఒక అంగడి ముందు నిలబడి టీ తాగుతుంటే లోపల మా బస్తా కనబడింది, ఎర్ర దారంతో మేం కుట్టించిన మూతి, మా లోగో. మూతి విప్పి కూడా లేదు. టీ చేదైపోయిందనుకోండి. అంగడాయన "మంచి కాయ సార్, తీసుకుంటారా" అన్నాడు.

ఆఫీసులో దీన్ని "లబ్ధిదారుల దుర్వినియోగం" అని రాయాలా అని ఒక చర్చ. నేను వద్దన్నాను. జూన్‌లో వానలేదు, ఉపాధి హామీ కూలి డబ్బు ఇంకా పడలేదు, ఇంట్లో బియ్యం అయిపోయింది, మూలన 90 కిలోల కాయలున్నాయి. నేనైతే ఏం చేస్తాను? ఆ ఏడాది నైరుతి కేరళ తాకిందే జూన్ 8న, దేశం మొత్తానికీ జూన్‌లో 33 శాతం లోటు. ఆకాశంలో మబ్బు తునక లేనప్పుడు ఇంట్లో ఉన్న విత్తనం విత్తనం కాదు, సరుకు.

రెండో లోడు, గోనెసంచి

మిగతా 40 ఇళ్లకు జూలై మొదటివారంలో రెండో లోడు వచ్చింది. ఈసారి కాయలు కాదు, వొలిచిన గింజలు. సప్లయర్ "రవాణా కలిసొస్తుంది, మీ రైతులకు వొలిచే పని తప్పుతుంది" అన్నాడు, రేటు కూడా తక్కువ కోట్ చేశాడు, టెండర్‌లో తక్కువ కోట్ చేసినవాడికే ఇవ్వాలి కదా, ఒప్పుకున్నాం. వేరుశనగ కాయలో ఉన్నంత కాలం మొలక శక్తి నిలుస్తుంది, మిషన్లో వొలిచి పెడితే పొట్టు చిట్లి, వేడికి, నిల్వకి చాలా త్వరగా పోతుంది. ఇది ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. విత్తే రెండు మూడు రోజుల ముందు వరకూ వొలవరు అందుకే.

లారీ దిగ్గానే ఒక అవ్వ, డెబ్బై ఏళ్లుంటాయి, గుప్పెడు తీసుకుని వాసన చూసి "మక్కిండాయి" అంది, ముక్కిపోయినాయని. సరే అని ఆమె ఇంటి వసారాలోనే టెస్ట్ పెట్టాం. గోనెసంచి నీళ్లలో తడిపి పిండి పరిచి, ఆ పట్టా మీద పది వరసలు, వరసకు పది గింజలు, ఒకదానికొకటి తగలకుండా, చాప చుట్టినట్టు చుట్టి నీడన పెట్టి రోజూ నీళ్లు చిలకరించడం. అట్లా మూడు బస్తాల్లోంచి మూడు చుట్టలు. వారానికి విప్పితే ఒకదాంట్లో 46, ఒకదాంట్లో 51, ఇంకోదాంట్లో 39 మొలిచాయి. కొన్ని గింజలు నొక్కితే పేస్టులాగా జారిపోతున్నాయి. సర్టిఫైడ్ విత్తనానికి కనీసం 70 ఉండాలి.

ఇక్కడ మా ముందు మూడు దారులు. ఒకటి, ఇచ్చేసి "కొంచెం ఒత్తుగా వేసుకోండి" అని చెప్పడం. చాలామంది ఇదే చేస్తారు, డేటు దాటిపోదు, రిపోర్టు బాగుంటుంది. కానీ సగం మొలిచే విత్తనం వేసిన రైతుకి దుక్కి, విత్తే కూలి, ఎరువు ఖర్చు సగం కాదు, మొత్తం పడుతుంది, చేను మాత్రం పళ్లూడిన నోరు లెక్క సందులు సందులుగా వస్తుంది. రెండోది, వాపసు పంపి మంచిది తెప్పించడం, అంటే ఇంకో మూడు వారాలు, అప్పటికి జూలై ఆఖరు. వేరుశనగ విత్తడానికి మన దగ్గర జూలై ఆఖరే గీత, మహా అయితే ఆగస్టు మొదటివారం. మూడోది, వాపసు పంపి డబ్బుతో ఇంకేదైనా చేయడం. ఆ రోజుకి ఆ ఇంకేదైనా ఏంటో మాకు తెలీదు. లోడు మాత్రం వెనక్కి పంపించేశాం. సప్లయర్‌కి టెస్ట్ అయ్యాకే పేమెంట్ అని ఒప్పందంలో రాసుకున్నాం కాబట్టి బతికిపోయాం, ఆ ఒక్క లైను మా అకౌంటెంట్ పుణ్యం.

అవ్వ అడిగిన మాట

గోనె విప్పిన రోజే ఆ అవ్వ, మొలకలు లెక్కపెడుతున్న నన్ను చూసి, "నాయనా, మంచి విత్తనమే తెచ్చినావనుకో, గొర్రు ఎవురు తోలాల? నువ్వు తోల్తావా?" అంది. గొర్రు అంటే ఎద్దులకు కట్టి సాళ్లలో విత్తనం వేసే పనిముట్టు.

నవ్వి ఊరుకోబోయాను. ఆమె లేచి వెనక కొట్టంలోకి తీసుకుపోయింది. రెండు గుంజలు, రెండు పలుపులు వేలాడుతున్నాయి, గాడిలో దుమ్ము. ఉగాదికి ముందే సంతకు తోలేశారట. "మేపలేక నాయనా. కట్టె ల్యాకపాయె."

అప్పుడు వెలిగింది. ఇక్కడ వేరుశనగ అంటే నూనె కాయ మాత్రమే కాదు. కాయ అమ్మితే డబ్బు, కొంత దాచుకుంటే వచ్చే ఏటికి విత్తనం, చెట్టు ఎండబెట్టి వామి వేసుకుంటే ఏడాదంతా ఎద్దులకు మేత, దాన్నే కట్టె అంటాం. పంట ఒకటి పోతే మూడూ ఒకేసారి పోతాయి. సాయం చేసేవాళ్లకు ఈ మూడింట్లో విత్తనం ఒకటే కనబడుతుంది, ఎందుకంటే అది బస్తాలో పట్టుద్ది, లోగో వేయొచ్చు.

ఆ సాయంత్రం, మర్నాడు, ఊరంతా తిరిగి కొట్టాలు లెక్కపెట్టాం. ముందు దీపావళికి ఊర్లో 31 జతల ఎద్దులు, ఇప్పుడు 11. మార్చిలో అందరూ ఒకేసారి తోలేసరికి సగం ధర కూడా పలకలేదు, ఇప్పుడు కొనబోతే దానికి రెట్టింపు.

టీ అంగడి బల్ల మీద కూర్చుని లెక్క వేశాం. మన ఎర్రనేలలో ఒక మంచి వాన పడితే విత్తే పదును మూడు రోజులుంటుంది, గాలి తోలితే రెండే. జత ఎద్దులు గొర్రుతో రోజుకు రెండున్నర ఎకరాలు విత్తుతాయనుకుంటే 11 జతలు మూడు రోజుల్లో 80 ఎకరాలు. ఊర్లో మూడు ట్రాక్టర్లు, ఒక్కోటి రోజుకు 15 ఎకరాలు అనుకున్నా మూడు రోజులకు 135. మొత్తం 215 ఎకరాలు. ఊరి మెట్టచేను దగ్గర దగ్గర 600 ఎకరాలు. అంటే దేవుడే దిగొచ్చి బంగారంలాంటి విత్తనం ప్రతి ఇంటికీ పంచినా ఆ పదునులో మూడింట రెండొంతుల నేలకు గొర్రు తగలదు. ఆ రెండొంతులు ఎవరివై ఉంటాయి? సొంత ఎద్దుల్లేని, ట్రాక్టర్‌కి చేతిలో క్యాష్ లేని వాళ్లవి. మేం ఎవరికి సాయం చేద్దామని వచ్చామో వాళ్లవే.

విపత్తుల్లో పశువుల సాయం గురించి లెగ్స్ అనే మార్గదర్శకాలు 2009 నుంచీ ఉన్నాయి, మా ఆఫీసు బీరువాలో పుస్తకం కూడా ఉంది. కానీ అది పశువుల టీమ్ బీరువా, మాది విత్తనాల టీమ్.

లిస్టు మళ్లీ రాయడం

దాతకు ఫోన్ చేసి, తర్వాత పెద్ద మెయిల్ రాసి, విత్తనం కింద ఉన్న డబ్బును మార్చుకోడానికి పర్మిషన్ అడిగాం. వాళ్ల రూల్‌లో పశుగ్రాసం వేరే హెడ్. "ఎద్దు లేకపోతే విత్తనం నేలలో పడదు, కాబట్టి ఇది విత్తే ఖర్చే" అని పైన రాసిన లెక్కంతా పెట్టి పంపాం. 11 రోజులకు ఓకే వచ్చింది. ఈ 11 రోజుల్లో లిస్టు సరిచేసుకున్నాం.

ఈసారి పాస్‌బుక్ పక్కన పెట్టి చేన్లమ్మట నడిచాం. మాతో పొదుపు సంఘం నుంచి ఇద్దరు ఆడవాళ్లు, ఇంకా ఒక గొర్రెల కాపరి. కాపరిని తీసుకోమన్నది మా ఫీల్డ్ అసిస్టెంట్. ఎరువు కోసం మంద ఎవరి చేన్లో కట్టాలి, ఎవరితో మాట్లాడుకోవాలి అనేది ఆయన బతుకుతెరువు కాబట్టి ఏ చేను ఎవరి పేరున ఉంది, నిజంగా ఎవరు చేస్తున్నారు అనేది రెవెన్యూ రికార్డు కంటే ఆయనకు బాగా తెలుసు. మూడు రోజులు తిరిగితే కాగితం లేకుండా కోరుకో గుత్తకో (ఇంతని ముందే మాట్లాడుకున్న కౌలుకో) చేస్తున్న కుటుంబాలు 38 తేలాయి. మా మొదటి లిస్టులో వాళ్లలో ఒక్కరంటే ఒక్కరు లేరు. సాక్ష్యానికి గట్టు పక్క రైతు వేలిముద్ర గానీ సంతకం గానీ తీసుకున్నాం, చేను యజమానిది అడగలేదు.

ఇది గొడవైంది. సరిగ్గా ఆ జూలైలోనే అసెంబ్లీలో పంట సాగుదారుల హక్కుల బిల్లు పాసైంది, 11 నెలల కార్డు, యజమాని సంతకంతో. ఆ చట్టంలో యజమాని హక్కుకు ఇబ్బంది లేదనే రాశారు గానీ ఊర్లోకి వచ్చేసరికి "కౌలోళ్ల పేర్లు ఎక్కిస్తున్నారంట" అనే పుకారుగా వచ్చింది. ఒక పెద్దమనిషి రచ్చకట్ట దగ్గర నన్ను పట్టుకుని "నా చేన్లో వాని పేరు రాయడానికి నువ్వెవరప్పా?" అని గట్టిగానే అడిగాడు. వాదించి లాభంలేదు, వాదనలో నేను గెలిస్తే వచ్చే ఏడు ఆ కోరు రైతుకి చేను పోతుంది. కాబట్టి మా చీటీల్లో సర్వే నంబర్ తీసేశాం, కౌలు అనే మాట తీసేశాం, "ఫలానా కుటుంబం, రెండెకరాలకు విత్తే సాయం" అని మాత్రమే రాశాం. రాజీ పడ్డామా అంటే పడ్డాం. హక్కుల కోసం పనిచేసే మిత్రులు ఇప్పటికీ దీని మీద నన్ను దెప్పుతారు. నా జవాబు ఒకటే, ఆ సీజన్లో నా పని విత్తనం నేలలో పడేట్టు చూడటం.

ఏం ఇచ్చాం, ఎట్లా ఇచ్చాం

ముందు మేత. జతకు రోజుకు 12 కిలోల ఎండుమేత లెక్కన 11 జతలకు 45 రోజులు, దాదాపు ఆరు టన్నులు. తుంగభద్ర ఎగువ కాలువ కింద కణేకల్లు వైపు వరి పండుతుంది, అక్కడి నుంచి వరిగడ్డి తెప్పించాం. వరిగడ్డిలో బలం తక్కువ, కాబట్టి రోజుకు కొంచెం వేరుశనగ చెక్క. గడ్డిని యూరియాతో మాగబెట్టే పద్ధతి ఉంది కదా, 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల పైన నీళ్లు, మూడు వారాలు గాలి తగలకుండా కప్పెట్టడం, అది కూడా చెప్పబోయాం. ఒకాయన "50 లీటర్ల నీళ్లుంటే ఎద్దుకే తాపుతాం కదా సార్" అన్నాడు. చార్టు మడిచి సంచిలో పెట్టేశాను.

తర్వాత విత్తే కూపన్. ఎకరాకు ఒక కూపన్, ట్రాక్టర్‌కైనా ఎద్దుల గొర్రుకైనా ఇవ్వొచ్చు, తోలినవాడికి మేం డబ్బు కడతాం. నేరుగా క్యాష్ ఇవ్వొచ్చు కదా అని మాలో మేమే చాలా వాదించుకున్నాం, మామూలుగా నేను క్యాష్ మనిషినే. ఆ సంఘం ఆడవాళ్లే వద్దన్నారు, "డబ్బు పడిందని తెలిస్తే అప్పులాయన పొద్దున్నే గడపలో కూచుంటాడు సార్, కూపన్ ఆయన ఏం చేసుకుంటాడు?" అన్నారు. కాబట్టి విత్తడానికి కూపన్, ఇంటి ఖర్చుకు మాత్రం కొద్దిగా క్యాష్, అది ఆడవాళ్ల ఖాతాలో. క్యాష్ ఎందుకంటే జూన్‌లో విత్తనాలు ఎందుకు తిన్నారో చూశాం కాబట్టి.

మూడోది విత్తన చీటీ, పంట పేరు రాయకుండా. వాన ఎప్పుడు పడితే దాన్నిబట్టి ఏం విత్తాలో రైతు ఇష్టం. జూలైలో పడితే వేరుశనగ, కంది. ఆగస్టులోకి జారితే కొర్ర, అలసంద. ఇంకా జారితే ఉలవ. ఖర్చు చూడండి, వేరుశనగ ఎకరాకు 60 కిలోల గింజ కావాలి, ఉలవ ఎనిమిది పది కిలోలు చాలు, కొర్ర రెండు కిలోలు. ఒక ఎకరా వేరుశనగ విత్తనం డబ్బుతో చాలా ఎకరాలు ఉలవ చల్లొచ్చు.

ఉలవలు ఎక్కడ దొరుకుతాయా అని నేను కర్నూలు, బళ్లారి అంగళ్లకు ఫోన్లు చేస్తుంటే, ఆ అవ్వ మళ్లీ నవ్వింది. ఆమె ఇంట్లోనే అటక మీద రెండు కుండలు, పైన బూడిద, మూతికి పేడ అలికి ఉంది. ఆ ఊర్లోనే తొమ్మిది ఇళ్లలో ఉలవ విత్తనం ఉంది. విత్తనం లేదు అని నేను రాసుకున్న ఊరు అది! అదే గోనెసంచి టెస్ట్ పెడితే 90 పైన మొలిచాయి. చీటీ తీసుకుని వాళ్లే అమ్మేట్టు, మేం వాళ్లకు డబ్బిచ్చేట్టు మాట్లాడుకున్నాం. మూడో రోజుకి రేటు పెరగడం మొదలైంది, ఎవరినీ అనడానికి లేదు, గిరాకీ వస్తే అవ్వ కూడా వ్యాపారే. సంఘం మీటింగ్‌లో సంత రేటు మీద కొంచెం ఎక్కువగా ఒక ధర కట్టేశారు, అయిపోయింది.

వాన

పుష్యమి కార్తె (జూలై ఆఖరు) అంతా దుమ్మే. ఆశ్లేష చివర్లో, అంటే ఆగస్టు నడుమ, ఒక రాత్రి నిజమైన వాన పడింది, తెల్లారేసరికి ఊరు ఊరంతా చేన్లలో ఉంది.

మొదటి రోజే కూపన్ ఫెయిలైంది. ట్రాక్టర్ల వాళ్లు కూపన్లు తీసుకుని జేబులో పెట్టుకుని, క్యాష్ ఇచ్చే వాళ్ల చేన్లకు ముందు పోయినారు. తప్పేముంది, మేం నెలాఖరుకి బిల్లు కడతామన్నాం, డీజిల్ బంకువాడు నెలాఖరు దాకా ఆగడు. మధ్యాహ్నానికి విషయం తెలిసి, ఆఫీసుకు ఫోన్ చేసి అరిచి, సాయంత్రానికి డబ్బు తెప్పించి, ఆ రోజు కూపన్లకు ఆ రోజే రాత్రి ఏడింటికి రచ్చకట్ట దగ్గర కట్టేశాం. మర్నాడు పొద్దున ట్రాక్టర్లు మా వాళ్ల చేన్లలో ఉన్నాయి. కూపన్ విలువ ఒక్క రూపాయి పెంచలేదు, కట్టే టైము మార్చాం అంతే. ఎద్దుల వాళ్లు వాళ్ల సొంత చేను అయ్యాకే వేరేవాళ్లది తోలారు, అది మేం ముందే ఒప్పుకున్నాం, ఆకలిగొన్న ఎద్దులు పెట్టుకుని ముందు పక్కవాడి చేను విత్తు అని ఎవర్నీ అడగలేం.

ఆ పదునులో, తర్వాత మఖ కార్తెలో పడిన ఇంకో పదునులో కలిపి మా లిస్టులో ఊర్లో ఉన్నవాళ్ల చేన్లు దాదాపు అన్నీ విత్తారు. కాగితం లేని 38 కుటుంబాల్లో 33. ఊర్లో ఉన్నవాళ్లు అని ఎందుకన్నానంటే అప్పటికే ఇరవైకి పైగా ఇళ్లకు తాళం, బెంగళూరులో బిల్డింగ్ పనులకు పోయినారు. ఫోన్ చేసి కూపన్ ఉంది రండి అంటే "వచ్చి విత్తిపోయేదానికి బస్సు ఛార్జీ, నాలుగు రోజుల కూలి పోతుంది సార్, అది ఎవురిస్తారు?" అన్నారు. ఆరుగురే వచ్చారు. ఇది మేం పరిష్కరించలేదు. "ఉత్తర చూసి ఎత్తర గంప" అంటారు కదా, ఉత్తర కార్తె దాకా చూసి అప్పుడు గంప ఎత్తి వలస పొమ్మని, ఇప్పుడు జూన్‌లో మృగశిరకే గంప ఎత్తేస్తున్నారు, అప్పులు అంతవరకు ఆగనివ్వవు. సాయం మార్చిలో వచ్చుంటే వీళ్లలో కొంతమంది, ఎద్దుల్లో కొన్ని, ఊర్లోనే ఉండేవి.

సెప్టెంబర్లో సీమ అంతటా వానలు దంచాయి, నంద్యాల వైపు వరదలే వచ్చాయి. మా ఊర్లో ఉలవ ఓ మోస్తరుగా వచ్చింది, ఎకరాకు రెండు క్వింటాళ్లు అటూ ఇటూ, కొందరికి ఇంకా తక్కువ. కొర్ర పిట్టలు తిన్నంత తిని మిగిలింది ఇంటికొచ్చింది. వీటితో అప్పు తీరలేదు, అట్లా తీరుతుందని మేం ఎవరికీ చెప్పనూ లేదు.

నాకు తెలీనిది ఇంకోటి

మొదటి లోడు బస్తాలు మూటకట్టి ఉంచుకున్న 17 మంది ఉన్నారు కదా, వాళ్లలో 11 మంది ఆగస్టు రెండోవారం దాటాక కూడా వేరుశనగే విత్తారు. నేను పోయి బతిమాలాను, టైము దాటిపోయింది, కాయ రాదు, ఆ కాయలు అమ్మేసి ఉలవ వేసుకోండి అని. తల ఊపారు, విత్తేశారు. నాకు కోపమొచ్చింది, ఈ జిల్లా రైతుకి వేరుశనగ పిచ్చి అని ఆఫీసులో అన్నాను కూడా, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

డిసెంబర్లో పోయినప్పుడు వాళ్లలో ఒకాయన పీకిన చెట్టు ఆరబెడుతున్నాడు. చెట్టుకు నాలుగైదు కాయలు, అవీ సగం లొట్టలు. నేను "చెప్పాను కదా మామా" అనబోయి ఆగాను, ఎందుకంటే ఆయన మొహంలో ఏం దిగులు లేదు. ఇంటి పక్కన వామి చూపించాడు, పచ్చి వాసన ఇంకా పోలేదు, మనిషి ఎత్తు దాటి ఉంది.

"కాయ కోసం వేసింటినా సార్? కట్టె కోసం. ఉలవ పొట్టు తిని ఎద్దు ఎన్నాళ్లుంటాది?"

కొట్టంలో కొత్త కోడెలు రెండు కట్టేసి ఉన్నాయి. అప్పు చేసి కొన్నాడట, మేత ఉందని తేలాక.

2020 ఫిబ్రవరిలో కొత్త ఊర్లో సర్వేకి పోయినప్పుడు మా ఫారంలో మొదటి పేజీ మార్చుకున్నాం. కుటుంబం పేరు తర్వాత ఉండే "విత్తనం ఉందా లేదా" అనే గడి రెండో పేజీకి పోయింది. దాని జాగాలో, కొట్టంలో గుంజలెన్ని, వాటికి కట్టేసిన పశువులెన్ని, వామి ఏ నెల దాకా వస్తుంది.